స్పెయిన్‌లో తక్కువ ఖర్చుతో ఫ్లమెంకో చూడాలంటే

స్పెయిన్ వెళ్తున్నారా, పాట, గిటార్, డాన్స్ కలిసిన అక్కడి సంప్రదాయ కళ ఫ్లమెంకో చూడాలనుందా? అయితే డిన్నర్‌తో కలిపి అమ్మే టికెట్ మాత్రం కొనకండి. ధర అమాంతం పెరుగుతుంది, పైగా ప్లేట్ల చప్పుడులో పాట సరిగా వినబడదు. బయట ఎక్కడైనా తినేసి షో టికెట్ ఒక్కటే తీసుకోండి. సెవిల్‌లో కాసా దె లా మెమోరియా లాంటి చిన్న వేదికల్లో గంట ప్రదర్శనకు సుమారు 20-25 యూరోలు అవుతుంది. సీటు నంబర్లు లేని చోటికి అరగంట ముందే వెళ్లి ముందు వరుస పట్టుకోండి. ఎందుకంటే గిటార్ వాయించేవాడి చూపు తీగల మీద కాదు, డాన్సర్ పాదాల మీదే ఉంటుంది, ఆమె మడమ గట్టిగా కొట్టి ఆగిన క్షణంలోనే ఇతనూ ఆగుతాడు, అది దగ్గర్నుంచి చూడాల్సిందే.

అదే ఊళ్లో లా కార్బొనెరీయా అనే బార్ ఉంది, ఎంట్రీ ఫ్రీ, ఏదో ఒక డ్రింక్ కొంటే చాలు. రద్దీ ఎక్కువ, కార్యక్రమం కూడా రోజుకోలా ఉంటుంది.

నన్నడిగితే మాత్రం ఒక సాయంత్రం హెరెస్‌కి కేటాయించండి. సెవిల్ నుంచి రైల్లో గంట ప్రయాణం. అక్కడ పీపాల్లోంచి షెర్రీ అనే వైన్ పోసే పాతకాలపు బార్లుంటాయి, తబాంకో అంటారు. 1925లో మొదలైన ఎల్ పసాహె వాటిలో ఒకటి. గ్లాసు షెర్రీ ఖర్చుతో పాట వినొచ్చు. డిసెంబర్‌లో వెళ్తే ఇంకా అదృష్టం, సాంబోంబా పేరుతో వీధుల్లో, ఇళ్ల ముంగిళ్లలో జనం గుంపుగా చేరి క్రిస్మస్ పాటలు ఫ్లమెంకో బాణీలో పాడుతుంటారు. వాటిలో చాలావాటికి టికెట్టే ఉండదు. జూన్‌లో అయితే కోర్దోబాలో ఒక రాత్రంతా నగరం నిండా ఉచిత కచేరీలు జరుగుతాయి.

పెన్యాలు అనే అభిమానుల క్లబ్బుల గురించీ వాకబు చేయండి. గ్రనాడాలోని లా ప్లాతెరీయా 1949 నాటిది. కొన్ని రాత్రులు బయటివాళ్లనూ రానిస్తారు, ఏ రోజో ముందే కనుక్కోండి. అక్కడికొచ్చేవాళ్లు పాట తెలిసినవాళ్లు, కాబట్టి మధ్యలో మాట్లాడకండి, ఫోన్ పైకెత్తకండి. ఊపు వచ్చింది కదా అని చప్పట్లు కొట్టడం అసలే వద్దు. చాలా పాటలు 12 మాత్రల తాళంలో నడుస్తాయి, ఒక్క చప్పట్టు తప్పు చోట పడినా పాడేవాళ్లకు ఇబ్బందే.

సెవిల్‌లోని ప్లాసా దె ఎస్పాన్యా అనే పెద్ద చౌక్‌లో పగటిపూట చెక్క పలక వేసుకుని ఆడేవాళ్లు తరచూ కనిపిస్తారు. నిలబడి చూస్తే టోపీలో రెండు యూరోలైనా వేయండి, వాళ్లకు అదే సంపాదన.