థ్రిల్లర్‌లో నటనను పట్టి చూడడం ఎలా?

థ్రిల్లర్ బాగుందో లేదో ట్విస్టును బట్టి తేల్చేయడం మనకు అలవాటు. అయితే ట్విస్టు పనిచేసేది ఒక్కసారే. రెండోసారి చూసినప్పుడూ సన్నివేశం ఊపిరి బిగపట్టిస్తోందంటే, ఆ బిగువు నటులు తెచ్చినదే. అందుచేత నటనను పరిశీలించదలచినవారు కథ ముందే తెలిసిన సినిమాను ఎంచుకోవాలి. ‘దృశ్యం’ ఇందుకు చక్కగా సరిపోతుంది. తన ఇంటివాళ్ల చేతిలో అనుకోకుండా చనిపోయిన యువకుడి శవాన్ని దాచి, పోలీసులకు అబద్ధం చెప్పి కుటుంబాన్ని కాపాడుకునే తండ్రి కథ ఇది. 2013లో మోహన్‌లాల్‌తో జీతూ జోసెఫ్ మలయాళంలో తీసిన ఈ కథను 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేశ్ తెలుగులో చేయగా, 2015లో జీతూ జోసెఫే కమల్‌హాసన్‌తో ‘పాపనాశం’గా తమిళంలో తీశారు. చిన్న కూతురి పాత్రలో ఎస్తేర్ అనిల్ మూడింటిలోనూ కనిపిస్తుంది కాబట్టి, కథ మారకుండా నటుడు మారితే ఏం మారుతుందో పోల్చుకోవడం తేలిక.

ముందుగా మలయాళ చిత్రంలో పోలీసులు పెరట్లో గొయ్యి తవ్వించే ఘట్టాన్ని రెండుసార్లు చూడండి. మొదటిసారి తల్లి పాత్రధారి మీనా ముఖాన్ని మాత్రమే గమనించండి; శవం అక్కడ లేదని ఆమెకు తెలియదు కనుక ఆ భయం నిజమైనది. రెండోసారి మోహన్‌లాల్‌ను గమనించండి. గోతిలోంచి బయటపడేది దూడ కళేబరమని ఆయన పాత్రకు ముందే తెలుసు, అయినా మొదటిసారి చూసినవారికి ఆ మౌనంలో దొరికిపోయినవాడి దిగులే కనిపించాలి. ఒకే ముఖం రెండు అర్థాలకూ నిలవాలి. ఏ ఒక్క చూపులోనైనా ధీమా పైకి తేలితే గుట్టు అక్కడే రట్టవుతుంది.

ఆ తరువాత కానిస్టేబుల్ సహదేవన్ మీద దృష్టి పెట్టండి. హాస్యపాత్రలతో పేరు తెచ్చుకున్న కళాభవన్ షాజోన్ ఈ పాత్రను ఎంత అసహ్యం పుట్టేలా చేశారంటే, శవాన్ని దాచిన మనిషి అబద్ధమే గెలవాలని మనం కోరుకుంటాం. ఈ పాత్ర తేలిపోతే హీరో పట్ల మన సానుభూతీ సడలుతుంది.

డబ్బింగ్‌లో చూడకండి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని మూల కంఠాలనే వినండి. వీలైతే ఒకసారి శబ్దం పూర్తిగా తీసేసి చూడండి, భయపెడుతున్నది నటుడో నేపథ్య సంగీతమో తెలిసిపోతుంది.

చివరిగా, చనిపోయిన ఆ యువకుడి తల్లిదండ్రులు హీరోను కలుసుకునే సన్నివేశాన్ని మలయాళంలోనూ తమిళంలోనూ పక్కపక్కన పెట్టి చూడండి. మోహన్‌లాల్ నేరాన్ని నేరుగా ఒప్పుకోకుండా, దుఃఖాన్ని గొంతులోనే ఆపుకుని క్షమాపణ చెబుతారు. కమల్‌హాసన్ ఏడ్చేస్తారు. ఆ ఏడుపు మనసును కలచివేసే మాట నిజమే గానీ, థ్రిల్లర్‌గా నా ఓటు మోహన్‌లాల్‌కే, ఎందుకంటే ఆయన ఇంకా ఏదో దాస్తూనే ఉన్నారు.