రోమన్ గణతంత్రపు చివరి నూరేళ్ళ తగాదాలను పద్దుల పుస్తకంలో రాసుకుని చదివే పద్ధతి

కావలిలో మా ఇంటి వరండాలో ఆదివారం పూట కొందరు డిగ్రీ విద్యార్థులు, పోటీ పరీక్షలకు చదివేవారు కలిసి కూర్చుని ప్రపంచ చరిత్ర చదువుకుంటారు. రోమన్ గణతంత్రపు చివరి శతాబ్దం దగ్గరకు వచ్చేసరికి దాదాపు అందరూ ఒకే చోట తడబడతారు. మేరియస్, సుల్లా, పాంపే, సీజర్ అంటూ మనుషుల కథలుగా చదువుకుంటూ పోతారు. ఏ కథకా కథ బాగానే గుర్తుంటుంది గాని, తగాదా ఆ సంవత్సరమే ఎందుకు ముదిరిందని అడిగితే "అధికార దాహం" అన్న ఒక్క మాట తప్ప మరో జవాబు రాదు. అధికార దాహం అంతకుముందు రెండు వందల ఏళ్ళుగా రోములో ఉన్నదే, అప్పుడు లేని అంతర్యుద్ధాలు ఇప్పుడెందుకు వచ్చాయన్నదే అసలు ప్రశ్న. అందుకని మనుషులను కాసేపు పక్కన పెట్టి పదవులను, వాటి గడువులను ముందు పెట్టుకుని చదివే పద్ధతి ఒకటి అలవాటు చేసుకున్నాము. దానినే ఇక్కడ రాస్తున్నాను.

దీనికి కావలసినదల్లా కిరాణా కొట్లలో వాడే పొడుగాటి పద్దుల పుస్తకం ఒకటి, నీలం, ఎరుపు కలాలు, ఒక పెన్సిలు. ఎదురెదురుగా ఉన్న రెండు పేజీలను ఒక సంవత్సరానికి కేటాయించి, నిలువుగా అయిదు గడులు గీసుకోవాలి. మొదటి గడిలో ఆ ఏటి కాన్సుల్‌లు ఇద్దరి పేర్లు, రెండవ గడిలో ప్రజల తరఫు అధికారులైన ట్రిబ్యూన్‌లలో గొడవకు కారణమైనవారి పేర్లు, మూడవ గడిలో సైన్యం ఎవరి చేతిలో, ఏ ప్రాంతంలో ఉన్నదన్న వివరం, నాలుగవ గడిలో ఎవరి గడువు ఎప్పుడు తీరుతుందన్న లెక్క, అయిదవ గడిలో ఆ సైనికులకు దక్కేదేమిటన్న సంగతి రాయాలి. క్రీ.పూ. 133తో మొదలుపెట్టి 23తో ఆపవచ్చు. క్రీ.పూ.లో పెద్ద అంకె ముందు వస్తుందన్న సంగతి మొదటి వారం ప్రతివారూ మరిచిపోతారు కనుక, పుస్తకం అట్ట లోపల వైపునే ఆ మాట రాసిపెట్టుకోవడం మంచిది. అన్ని సంవత్సరాలూ నింపనక్కరలేదు. పాతికేళ్ళు నింపితే మిగిలినవి వాటంతట అవే అర్థమవుతాయి.

గడులు నింపే ముందు పదవుల నిచ్చెన తెలిసి ఉండాలి. ఖజానా లెక్కలు చూసే క్వెస్టర్ మొదటి మెట్టు, న్యాయ విచారణలు నడిపే ప్రేటర్ పై మెట్టు, ఇద్దరు కలిసి ఏలే కాన్సుల్ చివరి మెట్టు. ప్రతి పదవికీ గడువు ఒక్క ఏడాది. క్రీ.పూ. 81లో సుల్లా ఈ నిచ్చెనను చట్టంగా బిగించి క్వెస్టర్‌కు 30, ప్రేటర్‌కు 39, కాన్సుల్‌కు 42 ఏళ్ళు నిండాలన్నాడు. రెండవసారి కాన్సుల్ కావాలంటే పదేళ్ళు ఆగాలి. ట్రిబ్యూన్‌లు పదిమంది, వారిలో ఏ ఒక్కరు అడ్డు చెప్పినా పని ఆగిపోతుంది, వారి మీద చెయ్యి వేయడం మహాపరాధం. అన్నిటికన్నా ముఖ్యమైనది, మా వరండాలో నేను పదేపదే చెప్పేది, పదవిలో ఉన్నంతకాలం ఎవరినీ కోర్టుకు లాగలేరు, గడువు తీరిన మరునాడు లాగవచ్చు. ఈ ఒక్క నియమం నాలుగవ గడికి ప్రాణం.

నిచ్చెన మెట్లు దాటేసినవారి పేర్లను ఎరుపు సిరాతో రాయాలి. మేరియస్ 104 నుంచి 100 వరకు వరుసగా అయిదేళ్ళు కాన్సుల్ అయ్యాడు. పాంపే 35 ఏళ్ళ వయసులో, కింది పదవి ఒక్కటీ చేయకుండా, క్రీ.పూ. 70లో ఏకంగా కాన్సుల్ పీఠం ఎక్కాడు. పెద్దల సభ అయిన సెనేట్‌లో ఒక్కనాడూ కూర్చోనివాడు సెనేట్‌ను నడపవలసి వచ్చేసరికి, సభ ఎలా జరపాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి రాసిమ్మని తన మిత్రుడు, పండితుడు అయిన వారో అనే ఆయనను అడిగి రాయించుకున్నాడు. ఈ ముచ్చట చెప్పినప్పుడు పిల్లలు నవ్వుతారు, కానీ ఆ తరువాత పాంపే పేరును ఎరుపులో రాయడం ఎవరూ మరిచిపోరు.

పేర్ల చిక్కు తెలుగువారికి అంత కష్టం కాకూడదు. గాయస్ జూలియస్ సీజర్‌లో గాయస్ పెట్టిన పేరు, జూలియస్ వంశం పేరు, సీజర్ ఆ వంశంలో ఒక శాఖ పేరు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వారికి వెనుక వస్తుంది, అంతే తేడా. పెట్టిన పేర్లు వాడుకలో ఇరవైకి లోపే కనుక గాయస్‌లు, మార్కస్‌లు, లూషియస్‌లు గుట్టలుగా కనబడతారు. ఆడపిల్లలకు ఆ మాత్రం వైవిధ్యం కూడా లేదు. సీజర్ మేనత్తా జూలియానే, అక్కచెల్లెళ్ళూ జూలియాలే, కూతురూ జూలియానే. పద్దులో మొదట రాసినప్పుడు మూడు పేర్లూ రాసి, ఆ తరువాత ఒక్క పేరుతో సరిపెట్టుకోవాలి. దత్తత వెళ్ళినవాడి పేరు మారుతుందని మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆక్టేవియస్‌గా పుట్టినవాడు సీజర్ వీలునామాతో దత్తుడై తానూ గాయస్ జూలియస్ సీజర్ కావడం వలన, 44 తరువాతి పేజీలలో "సీజర్" అన్న పేరు ఎదురైతే ఎవరో ఒక్కసారి చూసుకోవాలి.

బంధుత్వాలకు పుస్తకం చివర ఒక పేజీ ఉంచుకోండి. ఇంగ్లీషు పుస్తకాల్లో అంకుల్, కజిన్ అన్న మాటల్లో కలిసిపోయే వరసలన్నీ తెలుగులో రాసుకుంటే తేటగా విడిపోతాయి. మేరియస్ సీజర్‌కు మేనత్త భర్త. పాంపే సీజర్ కన్నా ఆరేళ్ళు పెద్దవాడు, అయినా 59 నుంచి అతని అల్లుడు. సీజర్ దత్తుడు ఆక్టేవియస్, అంటే చరిత్ర పుస్తకాల్లోని ఆక్టేవియన్, అతనికి మేనకోడలి కొడుకు. సీజర్‌కు బద్ధశత్రువైన కేటో, సీజర్ ప్రేమించిన సర్విలియాకు ఒకే తల్లి కడుపున పుట్టిన తమ్ముడు. ఆ సర్విలియా కొడుకే బ్రూటస్. బ్రూటస్ 45లో పోర్షియాను పెళ్ళి చేసుకున్నాడు. పోర్షియా కేటో కూతురు, అంటే సాక్షాత్తు మేనమామ కూతురు. ఇది మేనరికమని పక్కా తెలుగులో చెప్పుకోవచ్చు. మరుసటి ఏడు సీజర్ మీద కత్తి పట్టినవారికి నాయకులైన ఇద్దరిలో బ్రూటస్ ఒకడు, కాషియస్ మరొకడు. కాషియస్ భార్య బ్రూటస్ చెల్లెలు, కనుక వారిద్దరూ బావాబావమరుదులు.

పార్టీ పేరు రాసే గడి ఒకటి పెట్టమని ప్రతి బృందంలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. పెట్టవద్దు. ఆప్టిమేట్లు, పాపులారీస్ అన్నవి సభ్యత్వాలు, జెండాలు ఉన్న పార్టీలు కావు. సెనేట్ మాటతో పని నడిపించుకోవడం ఒక దారి, సెనేట్‌ను దాటి ప్రజాసభకు పోవడం మరో దారి. ఒకే మనిషి ఒక ఏడు ఈ దారిన, మరో ఏడు ఆ దారిన నడిచిన సందర్భాలు ఉన్నాయి. పాంపేయే అందుకు పెద్ద ఉదాహరణ.

ఇక మొదటి పద్దు, 133. ట్రిబ్యూన్ గడిలో టైబీరియస్ గ్రాకస్. ప్రభుత్వ భూమిని ఆక్రమించి సాగుచేసుకుంటున్న పెద్దలు ఒక్కొక్కరు 500 యూగెరాలకు, అంటే సుమారు 310 ఎకరాలకు మించి ఉంచుకోరాదని, మిగిలినది పేదలకు పంచాలని చట్టం తెచ్చాడు. 1973 నాటి మన భూసంస్కరణల చట్టంలో మాగాణికి 10 నుంచి 27 ఎకరాలు, మెట్టకు 35 నుంచి 54 ఎకరాలు పరిమితి అని తెలిసినవారికి ఇది మరీ ఉదారంగా తోస్తుంది. మరో తేడా ఏమంటే, గ్రాకస్ చట్టం సొంత పట్టా భూముల జోలికి పోలేదు. తోటి ట్రిబ్యూన్ మార్కస్ ఆక్టేవియస్ అడ్డు చెబితే ప్రజాసభ చేత అతడిని పదవి నుంచి తీయించాడు. ఇప్పుడు నాలుగవ గడి చూడండి. ఏడాది ముగిస్తే గ్రాకస్ మామూలు మనిషి, శత్రువులు విచారణకు లాగడానికి కాచుకుని ఉన్నారు. కాబట్టి మరుసటి ఏటికీ పోటీకి దిగాడు. ఆ ఎన్నిక రోజున సెనేటర్లు బల్లల కాళ్ళు విరగగొట్టి వాటితోనే అతడినీ, అతని మనుషులను మూడు వందల మందికి పైగా చంపి టైబర్ నదిలో పారవేశారు. అప్పటికింకా సైన్యం గడి ఖాళీగానే ఉన్నదని గమనించాలి. రోము వీధుల్లో పారిన రక్తంలో సైనికుల పాత్ర లేదు.

ఆ గడి నిండిన సంవత్సరం 88, కనుక ఆ పద్దు దగ్గర ఒక ఆదివారమంతా ఆగండి. కాన్సుల్‌లు సుల్లా, క్వింటస్ పాంపీయస్ రూఫస్. తూర్పున పాంటస్ రాజు మిథ్రిడేటీస్ మీద యుద్ధం సెనేట్ సుల్లాకు అప్పగించింది. డెబ్బై ఏళ్ళకు దగ్గరపడిన మేరియస్‌కు ఆ యుద్ధం తనకు కావాలన్న ఆశ ఉన్నది. ట్రిబ్యూన్ సల్పీసియస్ ప్రజాసభ ద్వారా ఆ సేనాపత్యాన్ని సుల్లా నుంచి తీసి మేరియస్‌కు ఇప్పించాడు. నోలా వద్ద దండు దిగిన ఆరు లీజియన్ల (రోమన్ సైన్యపు పెద్ద దళాల) సైన్యం దగ్గరకు సుల్లా పోయి ఈ సంగతి చెప్పాడు. అయిదవ గడి లేకపోతే ఇక్కడ ఏమి జరిగిందో అర్థం కాదు. తూర్పు దేశాల యుద్ధమంటే దోపిడి సొమ్ము. మేరియస్ వస్తే వేరే సైనికులను వెంట తీసుకుపోతాడేమోనన్న భయం వారిది. 107లో ఆస్తి లేనివారిని కూడా సైన్యంలో చేర్చుకునే దారి తెరిచినవాడు ఈ మేరియసే. జీతం, కొల్లసొత్తు, చివరికింత భూమి సేనాపతి చలవ వల్లనే దక్కే మనుషులకు రోములోని చట్టం ఎంత దూరమో, సేనాపతి అంత దగ్గర. దండును స్వాధీనం చేసుకోవడానికి వచ్చిన అధికారులను వారు రాళ్ళతో కొట్టి చంపారు. రోము మీదికి నడవమన్నప్పుడు పై అధికారుల్లో ఒక్క క్వెస్టర్ తప్ప మిగిలినవారందరూ సుల్లాను వదిలి వెళ్ళిపోయారు, సైనికులు మాత్రం కదిలారు. ఈ తేడాను ఎరుపు గీతతో గుర్తించుకోండి.

తరువాతి ముప్పై అయిదేళ్ళను కొంత వేగంగా దాటవచ్చు. 82లో సుల్లా గెలిచి, నియంతయై, చంపవలసినవారి పేర్ల జాబితాలు గోడలకెక్కించాడు. 79లో తానే తప్పుకుని 78లో మంచం మీద పోయాడు. 60లో పాంపే, క్రాసస్, సీజర్ చేతులు కలిపారు. 59లో కాన్సుల్ సీజర్‌కు తోటి కాన్సుల్ బిబులస్ ఇంట్లో కూర్చుని, ఆకాశంలో శకునాలు చూస్తున్నానంటూ కబురు పంపి సభలను చెల్లనివిగా చేయాలని చూశాడు. ఆ ఏటిని ఊరివారు "జూలియస్, సీజర్‌ల పాలన" అని వేళాకోళం చేశారు. 54లో సీజర్ కూతురు, పాంపే భార్య అయిన జూలియా ప్రసవంలో చనిపోయింది, 53లో క్రాసస్ కార్హే వద్ద పార్థియన్ల చేతిలో పడిపోయాడు. ముగ్గురిలో ఇద్దరు మిగిలారు, వారి మధ్యనున్న చుట్టరికమూ తెగింది.

50వ సంవత్సరపు పద్దుకు ఇంకొక ఆదివారం కావాలి. ముందుగా ఒక హెచ్చరిక: 51లో కాన్సుల్ మార్కస్ మార్సెలస్, 50లో గాయస్ మార్సెలస్, 49లో మళ్ళీ గాయస్ మార్సెలస్. మొదటివాడు, మూడవవాడు సొంత అన్నదమ్ములు. నడుమవాడు వారికి దాయాది, ఆక్టేవియన్ అక్క ఆక్టేవియాకు భర్త. ముగ్గురూ సీజర్‌కు వ్యతిరేకులే. మా వాళ్ళలో ఈ ముగ్గురినీ ఒకే మనిషిగా రాసుకుని ఒక నెల తరువాత కొట్టివేసుకున్నవారు ఉన్నారు.

సీజర్‌కు 59లో అయిదేళ్ళు, 55లో మరో అయిదేళ్ళు గాల్ ప్రాంతం అప్పగించారు. ఆ గడువు ఏ తేదీన తీరుతుందన్న దాని మీదనే చరిత్రకారులు నూరేళ్ళకు పైగా వాదించుకుంటున్నారు కనుక నాలుగవ గడిని పెన్సిలుతోనే రాయాలి. సీజర్ కోరినది సైన్యాధికారం నుంచి సూటిగా కాన్సుల్ పదవిలోకి రావడం. మధ్యలో ఒక్కరోజు మామూలు మనిషిగా రోములో నిలబడినా కోర్టు పిలుస్తుందని అతని భయం. ఆ ఏడు చివరన సెనేట్‌లో కాన్సుల్ మార్సెలస్ ప్రశ్నను తెలివిగా రెండుగా విడగొట్టాడు. సీజర్ సైన్యం వదలాలా అంటే ఎక్కువమంది అవునన్నారు, పాంపే వదలాలా అంటే ఎక్కువమంది కాదన్నారు. అప్పుడు ట్రిబ్యూన్ క్యూరియో లేచి ఇద్దరూ ఒకేసారి వదలాలా అని అడిగితే 370 మంది ఔనన్నారు, కాదన్నవారు 22 మంది. యుద్ధం అక్కరలేదని ఇంతకన్నా బాహాటంగా చెప్పడం ఏ సభకూ సాధ్యం కాదు. మార్సెలస్ సభను అంతటితో ముగించి, ఊరి బయట ఉన్న పాంపే దగ్గరకు పోయి, కత్తి చేతికిచ్చి రాజ్యాన్ని కాపాడమన్నాడు. సెనేట్ అలా చేయమని అనలేదు. 49 జనవరిలో ఒక్క లీజియన్‌తో సీజర్ రూబికాన్ దాటాడు. ఆ పేరు విని పెన్నంత నదిని ఊహించుకోకండి, అది మన మన్నేరు, పాలేరుల వంటి ఏరు. అయితే సేనాపతి తన ప్రాంతం దాటి సైన్యంతో ఇటలీలో అడుగుపెట్టరాదన్న చట్టపు సరిహద్దు అదే.

తేదీల విషయంలో ఇంకొక మెలిక ఉన్నది. అప్పటి రోమన్ ఏడాదికి 355 రోజులే. అధికమాసం కలపడం మన పంచాంగంలో లాగా గణితంతో కాక పూజారుల ఇష్టంతో జరిగేది. అందువలన రూబికాన్ దాటిన "జనవరి" నిజానికి నవంబరు చివరి రోజులు. ఈ అంతరాన్ని సరిచేయడానికి 46వ సంవత్సరాన్ని సీజర్ 445 రోజులకు సాగదీశాడు.

ఎవరి మాట ఎంత నమ్మాలన్నది కూడా పద్దులోనే తేలాలి. ఆ కాలపు వక్త, సెనేటర్ అయిన సిసిరో లేఖలు తొమ్మిది వందలకు పైగా దొరుకుతున్నాయి. చాలావాటికి తేదీలున్నాయి, మరునాడు ఏమి జరగనున్నదో తెలియకుండా రాసినవి. వాటి ఆధారంతో రాసినది నీలం సిరాలో ఉండవచ్చు. సీజర్ తన యుద్ధాలను తానే రాసుకున్నాడు, వకీలు వాదన చదివినట్టు చదవాలి. ప్లూటార్క్, ఆపియన్ నూరు నూట యాభై ఏళ్ళకు పైగా గడిచాక రాసినవారు. పైన చెప్పిన 370, 22 అంకెలు ఆపియన్ ఇచ్చినవే, కాబట్టి నా పుస్తకంలో అవీ పెన్సిలులోనే ఉన్నాయి.

క్రీ.పూ. 23లో ఆక్టేవియన్, అప్పటికి ఆగస్టస్, కాన్సుల్ పదవి వదిలి ట్రిబ్యూన్ అధికారాన్ని జీవితకాలానికి తీసుకున్నాడు. రెండవ, మూడవ గడులలో ఒకే పేరు పడి, నాలుగవ గడిలో రాయడానికి తేదీ లేకపోవడంతో పద్దు అక్కడ ఆగుతుంది. మిగిలిన పేజీలలో మేము నాణేల బొమ్మలు అంటిస్తాము. 44లో బతికి ఉండగానే సీజర్ ముఖం రోమన్ నాణెం మీదికెక్కింది. అతడిని చంపిన బ్రూటస్ మూడేళ్ళు తిరగకుండానే ఒక వైపు రెండు బాకులు, విముక్తి టోపీ, మరో వైపు తన సొంత ముఖం వేయించి నాణెం కొట్టించాడు. చివరి పేజీ నెల్లూరుది. 1786లో ఈ ప్రాంతంలో ఒక రైతు నాగలికి ఇటుకల కట్టడం తగిలితే, తవ్విన చోట చిన్న గుడి శిథిలాల కింద కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి; వాటి మీద ట్రేజన్, హేడ్రియన్ ముఖాలున్నాయి. ఏ ఏటి కాన్సుల్‌లు ఎవరో చూసుకోకుండానే వాటి కాలం చెప్పవచ్చు, రాజు ముఖం చూస్తే చాలు.