పాత విండోస్ డ్రైవ్‌ను కొత్త కంప్యూటర్‌లో అమర్చే ముందు జాగ్రత్తలు

హనుమకొండలో కొత్త కంప్యూటర్ కూర్పించుకున్నవారు పాత డ్రైవ్‌ను విప్పే ముందే ముఖ్యమైన ఫైళ్లను వేరే డిస్కులోకి కాపీ చేసి, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని డేటాకు తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ సదుపాయం. కొత్త మదర్‌బోర్డులోని టీపీఎం (ఆ తాళం కీని కాపాడే భద్రతా భాగం) వేరు కాబట్టి, ఎన్‌క్రిప్ట్ అయిన డ్రైవ్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది; అది లేకపోతే మైక్రోసాఫ్ట్ కూడా ఆ డేటాను తెరవలేదు కనుక, కీని కాగితంపై రాసి దాచుకోవాలి, లేదా పాత కంప్యూటర్‌లోనే డ్రైవ్‌ను డిక్రిప్ట్ చేయాలి (ఆ తాళం తీసేయాలి).

ఎంబీఆర్ అనే పాత విభజన పద్ధతిలో ఉన్న డ్రైవ్ నుంచి, యూఈఎఫ్‌ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరహా వ్యవస్థ) మాత్రమే ఉన్న కొత్త బోర్డులో విండోస్ బూట్ కాదు. విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచి ఉన్న ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో దాన్ని జీపీటీ అనే కొత్త పద్ధతిలోకి ముందే మార్చుకోవచ్చు గానీ, ఎండాకాలం సాయంత్రాల్లో గాలిదుమారం లేస్తే కరెంటు పోయే మన ఊళ్లలో యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

కంప్యూటర్‌తో వచ్చిన విండోస్ ఓఈఎం లైసెన్స్ కొత్త బోర్డుకు బదిలీ కాదు. విడిగా కొన్న రిటైల్ లైసెన్స్ అయితే ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాకు జతచేయాలి.