గండికోటలో 300 ఫోటోలు తీసినాక పది ఏరుకునేది ఎట్లా

మా ప్రొద్దుటూరు నుంచి గండికోట బండి మీద గంట దోవ. నాలుగేండ్లుగా చలికాలంలో వీలైన ప్రతి ఆదివారం పోతానే ఉన్నా, చేతిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న పాత నికాన్ డి3200, దాంతో వచ్చిన 18-55 లెన్సు, అంతే. పోయినప్పుడల్లా రెండొందలు, మూడొందలు ఫోటోలు అయితాయి. మొదటి రెండేండ్లు ఇంటికొచ్చిన రాత్రే నలభై ఫోటోలు స్టేటస్‌లో పెట్టేస్తాంటి, అందరూ సూపర్ అంటాండ్రి, తెల్లారేసరికి వాళ్ళూ మర్చిపోయేది నేనూ మర్చిపోయేది. ఇప్పుడు నేను గట్టిగా నమ్మేదేందంటే బటన్ నొక్కేది సగం పని, ఇంటికొచ్చి తీరిగ్గా కూర్చుని ఒక్కొక్కటి చూసుకునేది మిగతా సగం. ఆ రెండో సగం ఎట్లా చేస్తానో రాస్తాండా, ఫోన్‌తో తీసేవాళ్ళకు కూడా ఇదే పనికొస్తాది.

ముందు తీసేటప్పుడు పాటించాల్సినవి కొన్ని చెప్తా, ఎందుకంటే అక్కడ తప్పు చేస్తే ఇంట్లో కూర్చుని ఏరడానికి ఏమీ మిగలదు. మబ్బున లేచి పోండి, పొద్దు పుట్టకముందే లోయ దగ్గర ఉండాల. వెలుతురు మొదట పైనున్న ఎర్ర రాళ్ళ అంచు మీద పడి, అక్కడి నుంచి మెల్లగా గోడ మీదుగా కిందికి దిగుతాది, పెన్న నీళ్ళు మాత్రం చాలాసేపు నీడలోనే ఉంటాయి. ఆ వెలుతురు గీత దిగే అరగంట, ముప్పావుగంటే అసలైన టైము. పది దాటితే ఎండ నెత్తిన పడి రాళ్ళన్నీ చప్పగా అయిపోతాయి, ఎండాకాలం అయితే దూరంగా ఉన్నదంతా వేడికి అలల మాదిరి కదులుతాది, ఎంత మంచి లెన్సు పెట్టినా షార్ప్‌గా రాదు. నవంబర్ నుంచి జనవరి దాకా బాగుంటాది.

లోయలో వచ్చే చిక్కంతా ఆకాశం బాగా తెల్లగా, కింద బాగా నల్లగా ఉండటమే. రెండూ ఒకే ఫోటోలో సరిగ్గా రావడం కష్టం కాబట్టి ఆకాశానికి సరిపోయేట్టు తీసుకోండి, తెల్లగా కాలిపోయిన చోటును తర్వాత ఏం చేసినా వెనక్కి తేలేం, నల్లగా ఉన్నదాన్ని కొంచెం పైకి లేపచ్చు. ఫోన్‌లో అయితే స్క్రీన్ మీద ఆకాశం దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే లాక్ అయితాది, అప్పుడు వెలుతురు కొంచెం తగ్గించుకోండి. కెమెరాలో అయితే ఐఎస్‌ఓ 100 (వెలుతురుకు కెమెరా ఎంత స్పందించాలనేది), ఎఫ్ 8 (లెన్సు రంధ్రం సైజు), రా ఫైల్ (కెమెరా కుదించకుండా ఇచ్చే అసలు ఫైలు) పెట్టుకుని షట్టర్ వేగం ఒక్కటే మార్చుకుంటా పోతా నేను. ట్రైపాడ్ తీసకపోవాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోండి, పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాల్లో దానికి ముందే పర్మిషన్ తీసుకోవాల, నేను బ్యాగును రాతి గోడ మీద పెట్టి దాని మీద కెమెరా ఆనిస్తా, పని జరిగిపోతాది. లోయ అంచున చాలా చోట్ల కంచె ఉండదు, వ్యూ ఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి ముందుకు నడవద్దండి దయచేసి, ముందు కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుని నిలబడి ఆ తర్వాతే కన్ను పెట్టండి.

ఇంకొక ముఖ్యమైన విషయం, అక్కడ నిలబడి ఏదీ డిలీట్ చేయద్దు. ఎండలో ఆ చిన్న స్క్రీన్ చూసి ఇది బాగాలేదని తీసేసినవాటిల్లో ఏం పోయిందో ఎప్పటికీ తెలీదు. కార్డు పెద్దది పెట్టుకుంటే సరిపోతాది.

ఇక ఇంటికొచ్చినాక. ఆ రోజే అన్నీ కంప్యూటర్‌లోకి, ఇంకొక హార్డ్ డిస్కులోకి, రెండు చోట్లకీ ఎక్కించండి, రెండు చోట్లా ఫోటోలు తెరుచుకుంటాండాయని చూసుకున్నాకే కార్డు ఫార్మాట్ చేయండి. తర్వాత వారం రోజులు ముట్టుకోవద్దు. ఇది ఎవరికి చెప్పినా నచ్చదు, నాకూ మొదట్లో చేతులు ఆగేవి కావు, కానీ ఆ రోజు మనం పడిన కష్టం, చలి, మబ్బున తిన్న ఉగ్గాని, ఫ్రెండ్స్‌తో నవ్వుకున్నది, అదంతా ఫోటోకి అంటుకుని ఉంటాది, ఫోటో మామూలుగా ఉన్నా మనకు గొప్పగా కనిపిస్తాది. చూసేవాళ్ళకు ఆ చలీ తెలీదు, ఆ ఉగ్గానీ తెలీదు, వాళ్ళకు కనపడేది ఆ నాలుగు మూలల మధ్యలో ఉన్నదే. వారం పోతే మనకూ కొంచెం బయటివాళ్ళ కన్ను వస్తాది.

వారం తర్వాత మొదటి సారి చూసేటప్పుడు అన్నిటినీ చిన్న చిన్నగా, అగ్గిపెట్టె సైజులో పెట్టుకుని చూస్తా. అంత చిన్నగా ఉన్నా కన్ను ఆగిందంటే దాంట్లో వెలుతురు, ఆకారం సరిగ్గా కుదిరినట్టు. 300లో అరవై దాకా మిగులుతాయి. రెండోసారి ఆ అరవైని పెద్దగా చేసి, ఒక్కో ఫోటోని ఒకే ప్రశ్న అడుగుతా: ఈడ నేను ఎందుకు ఆగినా? ఆగిన కారణం ఫోటోలో కనిపిస్తాందా?

ఈ ప్రశ్న నాకు లేపాక్షిలో తగులుకుంది. అక్కడ నేలకు పూర్తిగా ఆనని స్తంభం ఒకటుంది కదా, వచ్చినోళ్ళందరూ దాని కింద గుడ్డ ఈ పక్క నుంచి ఆ పక్కకు లాగి చూస్తారు. నేను స్తంభాన్ని పైనుంచి కిందిదాకా ఇరవై ఫోటోలు తీసింటి, ఒక్కటీ నిలబడలేదు. ఎందుకా అని చూస్తే, నన్ను ఆపింది స్తంభం కాదు, ఒక ముసలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తన కొంగునే ఆ సందులోకి దూర్చి, అవతలి పక్క మనవరాలి చేతికి అందిస్తాండేది. అది ఉన్న ఫోటో ఒకే ఒకటి, అంచు కొంచెం వంకర కూడా పోయింది, నేను దాచుకున్నది అదే. బెలూం గుహలదీ అదే కథ, 3,229 మీటర్ల గుహలో ఒకటిన్నర కిలోమీటరు దాకానే పోనిస్తారు, ఆ కాస్తలోనే నూటాయాభై తీసినా, పసుప్పచ్చ లైట్లకు రాళ్ళన్నీ ఒకే రంగులో వచ్చినాయి, లోపలికి దిగే మెట్ల మీద పైనుంచి పగటి వెలుతురు పడిన ఒక్కటి ఆగింది.

మూడోసారి చూసేటప్పుడు మూలలు. నాలుగు మూలలూ వరసగా కన్నుతో తిరిగి రండి, ప్లాస్టిక్ బాటిలు, సగం తెగిన మనిషి, కరెంటు తీగ, ఇవన్నీ మూలల్లోనే దాక్కుంటాయి. ఆ మూలల్లోనే కొన్నిసార్లు అసలు ఫోటో కూడా ఉంటాది, అది చెప్తా.

ఒకసారి తెల్లారుజామున లోయ మొత్తం వచ్చేట్టు తీసిన పద్నాలుగు ఫోటోల్లో ఒకదాంట్లో, కింద ఎడమ మూలన ఒక మనిషి ఉన్నాడు. తీసేటప్పుడు నేను చూడనే లేదు. మూడు నెలల తర్వాత మూలలు చూస్తాంటే కనపడినాడు. మేకలు కాసే పెద్దాయన, కోట గోడకు ఆనుకుని నిలబడి కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఎండ వచ్చే దిక్కు చూస్తాండాడు, కట్టెకు సద్ది క్యారియరు తగిలించి ఉంది. ఇంకా పెద్దది చేస్తే భుజం మీద తువ్వాల మడతలో నల్లటి మేకపిల్ల, తల ఒక్కటే బయటికి పెట్టి ఉంది. మేకపిల్ల చెవి అంచున వెలుతురు పడి దారం మాదిరి మెరుస్తాంది. లోయను పూర్తిగా వదిలేసి ఆ మూల మటుకు కట్ చేసుకున్నా. 24 మెగాపిక్సెళ్ళు కాబట్టి అంత కట్ చేసినా చిన్న ప్రింటుకు సరిపోయింది.

ఎడిటింగ్ గురించి ఎక్కువ చెప్పను. వంకర సరిచేయండి, నల్లటి చోట కొంచెం లేపండి, ఆగండి. గండికోట రాళ్ళు ఎర్రగానే ఉంటాయి, ఇంకా ఎర్రగా చేస్తే కారం చల్లినట్టు ఉంటాది.

చివరికి పది మిగిలితే ఆ పదినీ ఒక వరసలో పెట్టుకోండి, ఒకే మాదిరివి రెండుంటే మనసు గట్టి చేసుకుని ఒకటి తీసేయాల. నేను తేల్చుకోలేకపోతే మా జేజికి చూపిస్తా, ఆమె కెమెరా ముట్టుకున్న మనిషి కాదు, ఏ ఫోటో దగ్గర చెయ్యి ఆగుతాదో దాన్ని ఉంచుతా.

పంచుకునేటప్పుడు ఒక జాగ్రత్త, వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిన్నదైపోతాది, పొడుగు వైపు సుమారు 1600 పిక్సెళ్ళే మిగులుతాయి, ప్రింటుకు అది చాలదు. డాక్యుమెంట్‌గా పంపండి. కృష్ణజింకలు, పిట్టల గూళ్ళు తీసేవాళ్ళు లొకేషన్ పెట్టద్దండి, రోళ్ళపాడు అభయారణ్యం అంతరించిపోతాండే బట్టమేక పిట్ట కోసమనే 1988లో పెట్టినారు, అట్లాంటి పిట్ట ఉండే జాగా నలుగురికి తెలిస్తే నలభై బండ్లు వస్తాయి.

ప్రింటు మాత్రం తప్పకుండా తీయించండి, ఏడాదికి పది అయినా సరే. పొడుగు, వెడల్పుల లెక్కలో ఫోన్ ఫోటో మామూలుగా 4:3, కెమెరా ఫోటో 3:2 ఉంటాది, 4×6 అంగుళాల కాగితం 3:2 కాబట్టి అడ్డంగా తీసిన ఫోన్ ఫోటో అట్లే ఇస్తే పైనా కిందా కోసేస్తారు. నాకొక ల్యాబ్‌లో మా చెల్లెలి ఫోటో నుదురు దాకా కోసి ఇచ్చినారు, అప్పటి నుంచి నేనే ముందు సైజుకు కట్ చేసుకుని పోతాండా. పెద్దది కావాలంటే 8×12కి 2400×3600 పిక్సెళ్ళు ఉంటే నిండుగా వస్తాది, 12 మెగాపిక్సెళ్ళ ఫోన్ అయినా చాలు.

ఫోటోలో మనిషి ఉంటే మొదటి ప్రింటు ఆ మనిషిది. ఆ పెద్దాయనది 5×7 తీయించుకుని మొదటిసారి పోతే కనపడలేదు, టీ కొట్టు ఆయన్ని అడిగితే మేకలు అవతలికి తోలుకపోయినాడన్నాడు. నా పనుల్లో పడి మళ్ళీ పోయేసరికి ఫోటో తీసి ఏడాదిన్నర దాటింది. ఈసారి దొరికినాడు. ఇట్లా అడక్కుండా తీసినా తాతా, ఎవరికీ చూపించొద్దంటే చూపించను అని చెప్పి చేతికిచ్చినా. తన మొహం చూసుకోలేదు ఆయన, వేలు నేరుగా మేకపిల్ల మీద పెట్టినాడు. "ఇది ఆ నల్లదే కదప్పా, మొన్ననే ఈనింది" అని, మందలో అది యాడుందో చెయ్యెత్తి చూపించినాడు. అందరికీ చూపించుకో పో అన్నాడు. గుడిసెలో వానకు తడుస్తాదని ప్రింటును నడుముకున్న ప్లాస్టిక్ కవర్లో దోపుకున్నాడు, నాకు ల్యామినేషన్ చేయించాలని తట్టనే లేదు, మీరు మాత్రం చేయించుకుని పోండి, ఇరవై ముప్పై రూపాయల పని. ముద్దనూరులో ఉండే కూతురికి ఇంకొకటి కావాలన్నాడు. అది ల్యామినేషన్‌తో రెడీగా ఉంది, వచ్చే ఆదివారం తీసకపోవాల.