హామ్‌స్టర్ చక్రంతో దేవుడి గదిలో ఎర్ర దీపం

ఎలుకను పోలిన పెంపుడు జంతువు హామ్‌స్టర్ రాత్రివేళ చక్రంలో ఆగకుండా పరుగెత్తడం చూసినవారికి, ఆ పరుగు వృథాగా పోతోందే, దానితో కరెంటు పుట్టించలేమా అన్న ఆలోచన ఎప్పుడో ఒకప్పుడు కలుగుతుంది. పుట్టించవచ్చు. కాని ఎంత వస్తుందో ముందుగా లెక్క వేసుకోనివారు పెద్ద మోటారు బిగించి, అది తిరగక, తప్పు జంతువుదేనని అనుకుంటారు. కాబట్టి పనిముట్లు తీయకముందే లెక్క చూద్దాం.

120 గ్రాముల బరువున్న హామ్‌స్టర్ సెకనుకు 60 సెంటీమీటర్ల వేగంతో, చక్రం అడుగు నుంచి 15 డిగ్రీలు పైకెక్కిన చోట పరుగెత్తుతోందని అనుకుంటే, అది చక్రానికి అందించే సామర్థ్యం 0.18 వాట్లు. అందులో సగం రాపిడికీ, తీగల వేడికీ, డయోడ్లకూ పోతుందని తీసివేస్తే మన చేతికి వచ్చేది 0.09 వాట్లు. రాత్రికి మొత్తం 4 గంటలు పరుగెత్తితే సుమారు 1,300 జౌళ్ల శక్తి పోగవుతుంది. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు కనుక, ఒక్క యూనిట్ తయారు కావడానికి ఏడున్నర సంవత్సరాలు పడుతుంది. హామ్‌స్టర్ ఆయుష్షేమో రెండు మూడు సంవత్సరాలు. భీమవరం పక్కన రొయ్యల చెరువులో తిరిగే రెండు హార్స్‌పవర్ ఏరేటర్‌ను, అంటే నీటిలో గాలి కలిపే యంత్రాన్ని, ఈ పద్ధతిలో నడపాలంటే పదహారు వేల పైచిలుకు హామ్‌స్టర్లు ఒకేసారి పరుగెత్తవలసి ఉంటుంది. అయినా ఆ 1,300 జౌళ్లను జాగ్రత్తగా దాచుకోగలిగితే, దేవుడి గదిలో జీరో బల్బు స్థానంలో ఒక చిన్న ఎర్ర ఎల్‌ఈడీని రాత్రంతా వెలిగించుకోవచ్చు. ఈ వ్యాసంలో చెప్పేది ఆ దీపం సంగతే.

జంతువు ఎంపికలో తర్జనభర్జన అక్కరలేదు. పెంపుడు జంతువుల దుకాణంలో కొన్న హామ్‌స్టర్ గాని, తెల్ల ఎలుక గాని సరిపోతుంది. పెరట్లో తిరిగే ఉడుతను పట్టి పంజరంలో పెట్టడం తగదు. వరిచేలో ఎలుక బుట్టకు చిక్కిన ఎలుకను అసలే తేకూడదు. దాని మూత్రం ద్వారా మనుషులకు లెప్టోస్పైరోసిస్ సోకే ప్రమాదం ఉంది. కోళ్ల సంగతేమిటని తణుకు వైపు మిత్రులు అడుగుతూ ఉంటారు. కిలోన్నర కోడి ఐదు సెంటీమీటర్లు కిందికి దిగే మెట్టు మీద కాలు మోపితే ముప్పాతిక జౌల్ కూడా రాదు. హామ్‌స్టర్ ఒక రాత్రి పరుగుకు సాటి రావాలంటే కోడి ఆ మెట్టును సుమారు 1,800 సార్లు ఎక్కి దిగాలి.

ఇది జంతువును గానుగెద్దును చేయడం కాదా అన్న సందేహం న్యాయమైనదే. ఒకప్పుడు ఇంగ్లండు వంటిళ్లలో మాంసం కాల్చే చువ్వను తిప్పడానికి కుక్కలను చక్రంలో నడిపించేవారు. అది నిజంగా గానుగ చాకిరీయే. హామ్‌స్టర్ చక్రం అటువంటిది కాదు. నెదర్లాండ్స్‌లో శాస్త్రవేత్తలు ఆరుబయట చక్రాలు ఉంచి చూడగా, ఏ నిర్బంధమూ లేని అడవి ఎలుకలు వాటంతట అవే వచ్చి పరుగెత్తాయని 2014లో ప్రచురించారు. కప్పలు కూడా వచ్చి ఎక్కాయట. కనుక పరుగు దాని ఇష్టం. ఆ ఇష్టాన్ని చెడగొట్టేంత బరువు మనం తగిలించకపోవడమే ఈ పని మొత్తానికి ప్రధాన నియమం, కింది కొలతలన్నీ దాని నుంచి వచ్చినవే.

చక్రం వ్యాసం 20 సెంటీమీటర్లకు తగ్గకూడదు. తగ్గితే పరుగులో జంతువు వీపు విల్లులా వంగిపోతుంది. తెల్ల ఎలుకకైతే ఇంకా పెద్దది, కనీసం 28 సెంటీమీటర్లది కావాలి. అడుగు కమ్మీలతో కాకుండా పలకలా పూర్తిగా మూసి ఉండాలి, లేకపోతే కాళ్లు, తోక సందుల్లో ఇరుక్కుంటాయి. మిఠాయి దుకాణాల గుండ్రని ప్లాస్టిక్ డబ్బా ఇందుకు చక్కగా పనికివస్తుంది. లోపలి గోడను గరుకు కాగితంతో రుద్దితే పట్టు దొరుకుతుంది; గుడ్డ మాత్రం అంటించరాదు, దారాలు వేళ్లకు చుట్టుకుంటాయి.

మోటారు ఇరుసును బయటి నుంచి తిప్పితే అదే కరెంటు పుట్టిస్తుంది కనుక, అసలు మెలకువంతా మోటారు ఎంపికలో ఉంది. పాలకొల్లులో మా ఇంట్లో మొదటిసారి నేను సైకిలు డైనమోను బిగించాను. అది 6 వోల్టులు, 3 వాట్లది. అంటే హామ్‌స్టర్ ఇవ్వగలిగిన దానికి పదహారు రెట్లు పైగా అడుగుతుంది. పాపం ఆ ప్రాణి ముందు కాళ్లు రెండూ చక్రం మీద వేసి, అది కదలకపోవడం చూసి, వెళ్లి గూట్లో పడుకుంది. రెండవసారి పిల్లల బొమ్మ కారులోని మోటారు పెట్టాను. అది సులభంగానే తిరిగింది గాని, 3 వోల్టులు ఇవ్వడానికి నిమిషానికి వేల చుట్లు తిరగవలసిన మోటారు అది. నిమిషానికి 60 చుట్ల దగ్గర మల్టీమీటరు ముల్లు కదిలీ కదలనట్టు ఉండిపోయింది. గేర్లు వేసి వేగం పెంచబోతే, గేర్ల రాపిడి మళ్లీ డైనమో దగ్గరికే తీసుకువస్తుంది.

దీనికి సరైనది స్టెప్పర్ మోటారు, అంటే ఇరుసు చిన్న చిన్న అడుగులు వేస్తూ తిరిగే మోటారు. పాత ప్రింటర్లు, స్కానర్లలో ఇది ఉంటుంది. జిరాక్స్ మిషన్లు బాగుచేసే దుకాణంలో అడిగితే విప్పేసిన వాటిలోంచి తీసి ఇస్తారు. మామూలు రకం ఒక్కో అడుగుకు 1.8 డిగ్రీల చొప్పున, చుట్టుకు 200 అడుగులు వేస్తుంది; అటువంటి మోటారును మనం చేత్తో తిప్పితే ఒక్క చుట్టుకు ఒక్కో కాయిల్‌లో, అంటే లోపలి తీగచుట్టలో, 50 ఆవృత్తుల ఏసీ పుడుతుంది. హామ్‌స్టర్ ఇంచుమించు సెకనుకు ఒక చుట్టు తిప్పుతుంది కనుక, మన కరెంటు స్తంభం మీద పారే 50 హెర్ట్జ్ పౌనఃపున్యమే ఈ డబ్బాలోనూ పుడుతుంది. ఈ విషయం మొదట గమనించినప్పుడు నాకు చాలాసేపు నవ్వు ఆగలేదు. బాల్ బేరింగులు, నాలుగు తీగలు ఉన్న మోటారునే తీసుకోవాలి. కాయిల్ నిరోధం 30 ఓమ్‌లు గాని, అంతకు మించి గాని ఉంటే అందులో తీగ చుట్లు ఎక్కువగా ఉన్నట్టు, వోల్టేజీ బాగా వస్తుంది. పిల్లల ప్రాజెక్టు కిట్లలో దొరికే గేర్ల స్టెప్పర్ 28బీవైజే-48 పనికిరాదు. దాని ఇరుసును బయటి నుంచి తిప్పడమే కష్టం.

నాలుగు తీగల్లో ఏ రెండు ఒక కాయిల్‌కు చెందినవో తెలుసుకోవడానికి మీటరు కూడా అక్కరలేదు. ఏవైనా రెండు తీగల కొనలను కలిపి పట్టుకుని ఇరుసును తిప్పి చూడాలి; ఒక్కసారిగా బిగుసుకున్నట్టు అనిపిస్తే ఆ రెండూ జత.

ప్రింటరులో ఉన్నప్పుడు మోటారు ఇరుసుకు బిగించి ఉన్న చిన్న పుల్లీని తీసేయకుండా, దానికే డబ్బా అడుగు మధ్యభాగాన్ని ఎం-సీల్‌తో అతికించాలి. చక్రాన్ని తిప్పి వదిలినప్పుడు ప్రతిసారీ ఒకే వైపు కిందికి వచ్చి ఆగుతోందంటే అటు బరువు ఎక్కువ. ఎదుటి వైపు చిటికెడు ఎం-సీల్ అంటిస్తే సరిపోతుంది. ఆపైన తూకం పరీక్ష చేయాలి. 15 డిగ్రీల దగ్గర పరుగెత్తే జంతువు చక్రాన్ని లాగే బలం దాని బరువులో నాలుగో వంతు. 120 గ్రాముల హామ్‌స్టర్‌కు 30 గ్రాములు. నాలుగు పది రూపాయల బిళ్లలు కలిపితే సుమారు 31 గ్రాములు తూగుతాయి. వాటిని చిన్న సంచిలో కట్టి, చక్రం పక్కభాగాన ఇరుసు ఎత్తులో అంచుకు వేలాడదీసి వదలాలి. చక్రం వెంటనే తిరిగి బిళ్లలు కిందికి దిగితే మోటారు పనికివస్తుంది. రెండు బిళ్లలకే తిరిగితే మరీ మంచిది, ఎందుకంటే కరెంటు తీయడం మొదలుపెట్టాక ఇంకొంత బరువు తప్పదు. నాలుగింటికీ తిరగకపోతే ఆ మోటారును పక్కన పెట్టి మరొకటి వెతుక్కోవాలి. నూనె వేయడం వల్ల పెద్ద ప్రయోజనం ఉండదు, ఆ పట్టు లోపలి అయస్కాంతాలది. తరువాత చేత్తో సెకనుకు ఒక చుట్టు చొప్పున తిప్పుతూ ఒక్కో జత మీద ఏసీ వోల్టేజీ చూడాలి. 4 వోల్టుల దాకా వస్తే నిశ్చింత.

సర్క్యూటు చిన్నదే. ఒక్కో కాయిల్‌కు నాలుగు డయోడ్ల చొప్పున, ఏసీని డీసీగా మార్చే రెండు బ్రిడ్జిలు కట్టి, వాటి ప్లస్‌లను ఒకచోట, మైనస్‌లను ఒకచోట కలిపి, 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటరుకు ఇవ్వాలి. అందరి దగ్గరా ఉండే 1ఎన్4007 డయోడ్లు ఒక్కొక్కటి 0.7 వోల్టులు మింగేస్తాయి. బ్రిడ్జిలో రెండు దాటాలి కనుక 1.4 వోల్టులు పోయినట్టే. మనకున్న నాలుగు వోల్టుల్లో అది భరించలేని నష్టం. 1ఎన్5819 అనే షాట్కీ రకం వాడితే నష్టం సగానికి తగ్గుతుంది. కెపాసిటరు తరువాత 600 మిల్లీయాంపియర్ అవర్ల నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు రెండు వరుసగా కలపాలి. ఇవి 2.4 వోల్టులు ఇస్తాయి. హామ్‌స్టర్ నుంచి వచ్చే ముప్పై చిల్లర మిల్లీయాంపియర్లకు ఇవి అతిగా ఛార్జి అయి చెడిపోయే భయం లేదు. పాత సెల్‌ఫోను లిథియం బ్యాటరీని మాత్రం రక్షణ సర్క్యూటు లేకుండా కలపరాదు. సెల్లుల నుంచి 100 ఓమ్‌ల రెసిస్టరు, ఒక ఎర్ర ఎల్‌ఈడీ, ఒక స్విచ్చి పెడితే 5 మిల్లీయాంపియర్లతో దీపం వెలుగుతుంది. సెల్లులలో మూడో వంతు నష్టం తీసివేసినా, ఒక రాత్రి పరుగు ఈ దీపాన్ని ఇరవై గంటల దాకా వెలిగించగలదు. తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి, ఈ రెండు సెల్లులతో అది వెలగదు.

మోటారు, తీగలు, సెల్లులు అన్నీ పంజరం బయటే ఉండాలి. ఇరుసు మాత్రమే లోపలికి రావాలి. పళ్లకు అందిన తీగను హామ్‌స్టర్ కొరకకుండా వదలదు.

ఎన్ని చుట్లు తిరిగిందో తెలియకపోతే జంతువు ఇష్టం తగ్గిందో లేదో తెలియదు కనుక, లెక్కించే ఏర్పాటు విలాసం కాదు. వేలికి పెట్టుకునే జపం కౌంటరు మీటను విప్పి, దాని రెండు కొనలకూ, అయస్కాంతం దగ్గరికి వస్తే కలిసే రీడ్ స్విచ్చి తీగలను టంకం వేసి, చక్రం వెనుక చిన్న అయస్కాంతం అంటిస్తే చుట్టుకు ఒక అంకె పెరుగుతుంది. చక్రం చుట్టుకొలత 63 సెంటీమీటర్లు కనుక 12,700 దగ్గర ఎనిమిది కిలోమీటర్లు అయినట్టు. మొదటి వారం సర్క్యూటు కలపకుండా వట్టి చక్రాన్నే తిప్పనిచ్చి, రోజూ ఉదయం అంకె రాసుకోవాలి. రెండో వారం ఒక కాయిల్ మాత్రమే, ఆ తరువాతే రెండోది కలపాలి. అంకె మునుపటి కంటే బాగా పడిపోతే ఒక కాయిల్ విప్పేయాలి.

గోదావరి డెల్టాలో రెండు ఇబ్బందులు ప్రత్యేకం. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి టంకం అతుకులు పచ్చబారి పోతాయి. అతుకుల మీద గోళ్ల రంగు ఒక పూత వేస్తే చాలాకాలం నిలుస్తాయి. రెండోది ఎండ. 30 డిగ్రీలు దాటితే హామ్‌స్టర్‌కు ప్రాణం మీదికి వస్తుంది, మన మే నెలలో ఉక్క రాత్రి కూడా తగ్గదు. పంజరంలో నీడన తడిపిన పెంకు ఒకటి ఉంచి, వేసవి అంతా రెండు కాయిళ్లనూ విప్పేసి చక్రాన్ని తేలికగా వదిలేయాలి. ఆ రెండు నెలలు దేవుడి గది దీపానికి సెల్లులను మామూలు ఛార్జరుతోనే నింపుకోవాలి.