జీపు బాడీని ఛాసిస్ పైనుంచి ఎత్తే ముందు

ఫోర్ వీల్ డ్రైవ్ బండి బాడీని పూర్తిగా పైకెత్తి పెద్ద మరమ్మతు చేయించాలనుకునేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. ఈ పనిలో జరిగే నష్టంలో ఎక్కువ భాగం బాడీ లేచే మొదటి నాలుగు అంగుళాలలోనే జరుగుతుంది. విప్పడం మరచిన ఒక గొట్టమో, వైరో, బాడీని ఇంజిన్‌తో కలిపి కరెంటుకు తిరుగు దారినిచ్చే ఎర్త్ పట్టీయో ఆ నాలుగు అంగుళాలలో తెగుతుంది. లేదా తెగకుండా ఒక మూలను పట్టి ఉంచి, బాడీని పక్కకు ఒరిగేలా చేస్తుంది. అందువల్ల జాగ్రత్తలన్నీ ఎత్తడానికి ముందు రోజులకే సంబంధించినవి.

మహీంద్రా పాత జీపులు, బొలెరో, స్కార్పియో, మారుతి జిప్సీ, టయోటా ఫార్చ్యూనర్ వంటి బండ్లకు నిచ్చెన ఆకారంలో విడి ఛాసిస్, అంటే బరువు మోసే ఇనుప చట్రం, ఉంటుంది. బాడీ దాని మీద రబ్బరు బుష్షులపై కూర్చుని, బోల్టులతో బిగించి ఉంటుంది. విడి ఛాసిస్ లేని డస్టర్, ఎక్స్‌యూవీ 700 వంటి వాటికి ఈ పద్ధతి వర్తించదు. 2004లో వచ్చిన ల్యాండ్ రోవర్ డిస్కవరీ 3లో 2.7 లీటర్ల డీజిల్ ఇంజిన్ వెనుక వైపు ఇరుకులో ఉండే టర్బోను (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే భాగాన్ని) అందుకోవడానికి బాడీ ఎత్తడమే మేలని చాలా వర్క్‌షాపులు భావిస్తాయి. మన ప్రాంతంలో కారణం ఎక్కువగా తుప్పే. విశాఖపట్నం, కాకినాడ తీరాల్లో ఉప్పు గాలికి ఛాసిస్ లోపలి నుంచి తినేసుకుపోతుంది. ఏజెన్సీ దారుల్లో బరువు మోసిన జీపుల ఛాసిస్‌లు స్ప్రింగు బ్రాకెట్ల దగ్గర పగులుతాయి. క్లచ్ ప్లేటు కోసమో గేర్‌బాక్సు కోసమో బాడీ ఎత్తాలని ఎవరైనా చెబితే మాత్రం వెంటనే ఒప్పుకోవద్దు. పైన చెప్పిన మన బండ్లలో అవి సాధారణంగా కింది నుంచే దిగుతాయి.

పనికి సంక్రాంతి తరువాతి రోజులు అనుకూలం. ఛాసిస్ బయటపడ్డాక గీకడం, వెల్డింగు, రంగు కలిసి వారాలు పడతాయి. తొలకరి మొదలయ్యేసరికి గీకిన ఇనుము రంగు లేకుండా ఉంటే పడిన శ్రమ వృథా అవుతుంది. ఛాసిస్ నంబరు చెక్కిన చోటును ముందే ఫొటో తీసి, గ్రైండరు తగలకుండా టేపు వేసి కప్పాలి. ఛాసిస్‌నే మార్చవలసి వస్తే, మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్‌ను దృష్టిలో పెట్టుకుని, పనికి ముందే రవాణా శాఖ కార్యాలయాన్ని సంప్రదించాలి.

బాడీ బోల్టులకు వారం ముందు నుంచి రోజూ తుప్పు వదిలించే నూనె పట్టించాలి. బోల్టు బిగుసుకున్నప్పుడు బలవంతంగా తిప్పితే బాడీ లోపల వెల్డు చేసిన నట్టు ఊడి, బోల్టుతో పాటు తానూ తిరుగుతుంది. అప్పుడు నేల రేకును కోయడం తప్ప దారి ఉండదు. గ్యాసు మంటతో వేడి చేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది గానీ, పైన కార్పెట్టు, పక్కన డీజిల్ గొట్టం, రేకుకు తారు పూత ఉన్న చోట మంట పెట్టడం నాకు సమ్మతం కాదు. పెట్రోలు ట్యాంకు విషయంలో మరింత జాగ్రత్త కావాలి. ఖాళీ చేసిన ట్యాంకులో మిగిలే ఆవిరి నిండు ట్యాంకు కన్నా ప్రమాదకరం కాబట్టి, వెల్డింగు ఉంటే ట్యాంకును దించి దూరంగా తీసుకుపోవాలి. చేతికందే దూరంలో పొడి రకం అగ్నిమాపక సిలిండరు ఉండాలి.

ఇక విప్పవలసినవి. బ్యాటరీ నెగటివ్ వైరు మొదట తీయాలి. ఎయిర్‌బ్యాగులున్న బండిలో ఆ తరువాత మాన్యువల్ చెప్పినంత సేపు ఆగి, అప్పుడే వాటి కనెక్టర్లను ముట్టుకోవాలి. స్టీరింగు షాఫ్టు విడదీసే ముందు చక్రాలను తిన్నగా పెట్టి, షాఫ్టు మీద గుర్తు గీసి, స్టీరింగు తిరగకుండా కట్టివేయాలి. అది వదులుగా తిరిగితే లోపల చుట్టలా ఉండే ఎయిర్‌బ్యాగు పట్టీ తెగిపోతుంది. ఏసీ గ్యాసును గాలిలోకి వదలకూడదు, యంత్రంతో తీయించాలి. ఒత్తిడితో చిమ్మే ఆ గ్యాసు కంటికి తగిలితే కన్ను గడ్డకట్టి దెబ్బతింటుంది. కామన్ రైల్ డీజిల్ ఇంజిన్ ఆపిన వెంటనే ఇంధన గొట్టాలు వదులు చేయవద్దు. కామన్ రైల్ అనే ఇంధన గొట్టంలో ఉండే ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు, ఆ గాయం చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవలసినదే. రేడియేటరు నుంచి తీసిన కూలెంటు తియ్యగా ఉండే విషం కనుక, పిల్లలకు, కుక్కలకు అందని చోట మూత పెట్టి ఉంచాలి.

వీటితో పాటు హీటరు గొట్టాలు, బ్రేకు పైపులు, క్లచ్ పైపు, హ్యాండ్‌బ్రేకు కేబుళ్లు, గేరు రాడ్లు, ట్యాంకు నింపే గొట్టం, దాని పక్కనుండే సన్నని గాలి గొట్టం, ఇంజిన్ వైరింగు, ఎర్త్ పట్టీలు ఉంటాయి. జనం మరచేది చివరివాటినే. నేను చూసిన ఒక షెడ్డులో గేర్‌బాక్సు వెనుక ఉన్న ఒక్క ఎర్త్ పట్టీ మిగిలిపోయి, దాని పక్కనున్న వైరింగు మొత్తాన్ని లాగేసింది. వైర్లను మళ్లీ కలపడానికి ఆరు రోజులు పట్టింది. కాబట్టి విప్పిన ప్రతి చోటా రెండు వైపులా ఒకే అంకె రాసిన టేపు చుట్టి, కాగితం మీద నమోదు చేసి, గొట్టాల చివరలకు మూతలు పెట్టాలి. బుష్షుల కింద ఉండే పలుచని వాషర్లు ఏ చోటివి ఆ చోటికే తిరిగి రావాలి, లేకపోతే తలుపులు సరిగా పడవు.

ఇంజిన్ ఛాసిస్ మీదే ఉండిపోతుంది గనుక, పైకి లేచే బాడీకి ముందు బరువు తగ్గి, వెనుక బరువు మిగులుతుంది. ఇది ఊహించని వారి చేతిలో బాడీ వెనక్కి వాలుతుంది. వెనుక తలుపుకుండే స్టెప్నీని, సీట్లను ముందే తీసేయడం మేలు. తలుపుల కింది రేకు తుప్పు తిని ఉంటే, తలుపు చట్రంలో అడ్డంగా ఇనుప పైపు వెల్డు చేయనిదే ఎత్తకూడదు. లేకపోతే బాడీ మధ్యలో కుంగిపోతుంది. పాత ఓపెన్ జీపు తొట్టిని నలుగురైదుగురు మోయగలరేమో గానీ, మూసిన బాడీకి రెండు స్తంభాల లిఫ్టు కావాలి. దూలానికి వేసిన ఒకే చైన్ పుల్లీ మీద దాన్ని వేలాడదీయడం తప్పు. బ్రేకు పైపులు విప్పాక ఛాసిస్‌కు ఆపే శక్తి ఏదీ ఉండదు కనుక నాలుగు చక్రాలకూ దిమ్మలు పెట్టాలి.

ఎత్తేటప్పుడు ఒక అంగుళం లేపి ఆపాలి. టార్చిలైటుతో ఒకరు చుట్టూ తిరిగి ప్రతి మూలా చూడాలి. మరో మూడు అంగుళాలు లేపి మళ్లీ ఆపి చూడాలి. లిఫ్టును నడిపే మనిషికి ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలి, "ఆపు" అనే మాట మాత్రం ఎవరి నోటి నుంచి వచ్చినా ఆపి తీరాలి. కావలసిన ఎత్తుకు చేరాక లిఫ్టు తాళాలు పడ్డాయని చూసి, బాడీ కింద ఇనుప స్టాండ్లు పెట్టేదాకా తల గానీ చెయ్యి గానీ లోపలికి పోకూడదు. పనివాడు ఎంత అనుభవం ఉన్నవాడైనా ఇందులో మినహాయింపు ఇవ్వవద్దని యజమానులను వేడుకుంటున్నాను.

దించేటప్పుడు రెండు ఎదురెదురు మూలల్లో తల లేని పొడవాటి రాడ్లు నిలబెడితే బోల్టు రంధ్రాలు వాటంతట అవే కలుస్తాయి. బుష్షు కింద వైరు నలిగిందేమో ప్రతి చోటా చూడాలి. ఎర్త్ పట్టీ పెట్టకుండా స్టార్టు చేస్తే ఆ కరెంటు హ్యాండ్‌బ్రేకు వంటి కేబుళ్ల గుండా దారి వెతుక్కుని వాటిని కాల్చేస్తుంది. బోల్టుల తల మీద వాటి బలాన్ని తెలిపే 8.8, 10.9 వంటి అంకెలు పాతవాటితో సరిపోవాలి. బాడీ బరువంతా కూర్చున్న తరువాతే వాటిని చివరి బిగింపు బిగించాలి. బ్రేకుల్లో గాలి తీసి, పెడలు గట్టిగా నిలిచిన తరువాత ఖాళీ స్థలంలో నెమ్మదిగా నడిపి చూడాలి. బిగించిన ప్రతి బోల్టు తల మీదుగా రంగుతో ఒక గీత గీసి ఉంచితే, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బండి కిందికి వంగి చూసినప్పుడు ఏ బోల్టు కదిలిందో ఆ గీతను బట్టి తెలిసిపోతుంది.