ఊరి టోర్నమెంటులో రనౌట్‌కు ఫోన్ రీప్లే: ఏర్పాటు చేసుకునే పద్ధతి

వరి కోతలు ముగిసి పండగ దగ్గరపడితే శ్రీకాకుళం జిల్లాలో ఊరూరా ఖాళీ మడుల్లో టెన్నిస్ బంతి క్రికెట్ టోర్నమెంట్లు మొదలవుతాయి. అక్కడ తగవు పెరిగి ఆట ఆగిపోయే సందర్భాల్లో రనౌట్‌ది పెద్ద వాటా. టీవీ రీప్లే చూసి రనౌట్ తేల్చడం అంతర్జాతీయ క్రికెట్‌లో 1992లో, డర్బన్‌లో జరిగిన భారత్, దక్షిణాఫ్రికా టెస్టుతో మొదలైంది. ఆ పద్ధతిలో అవుటైన మొదటి బ్యాటర్ సచిన్ తెందూల్కర్. ఆ పనిని ఈనాడు ఒక మామూలు ఫోన్‌తో చాలావరకు చేయవచ్చు. అయితే ఫోన్ ధర కంటే దాన్ని ఎక్కడ నిలబెట్టారన్నదే ముఖ్యం.

ఫోన్ సరిగ్గా క్రీజు గీతకు నేరుగా ఉండాలి. రెండు అడుగులు పక్కకు జరిగినా, గీత దాటని బ్యాటు దాటినట్టు, దాటినది దాటనట్టు కనిపిస్తుంది. ఇందుకు ఒక సులువైన ఉపాయం ఉంది. క్రీజు గీతను రెండు వైపులా పొడిగిస్తూ నైలాన్ తాడు లాగి పట్టుకుని, పిచ్‌కు ఇటు ఒకటి, అటు ఒకటి, ఆటకు అడ్డం రాకుండా నేలమట్టానికి రెండు చిన్న మేకులు దిగగొట్టి, వాటి తలలకు తెల్ల రంగు వేయండి. ఫోన్ తెరలో చూసినప్పుడు దగ్గరి మేకు, గీత, దూరపు మేకు ఒకే నిలువు వరుసలో కనిపిస్తే స్థానం కుదిరినట్టే. ప్రతి ఇన్నింగ్స్‌కు ముందు ఈ వరుసను మళ్లీ సరిచూడాలి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకూడదు; మూడు వెదురు కర్రలను కలిపి గట్టిగా కట్టి, నడుమెత్తున బిగిస్తే గీత, బెయిల్స్ (స్టంపుల మీద పెట్టే చిన్న పుల్లలు) రెండూ స్పష్టంగా పడతాయి. రెండు కొసలకూ రెండు ఫోన్లు కావాలి. పిచ్ ఉత్తర దక్షిణాలుగా ఉంటే మధ్యాహ్నం ఆటకు పడమటి వైపు నుంచి తీయండి, అప్పుడు ఎండ లెన్సులోకి కొట్టదు.

తరువాతి విషయం వేగం. మామూలు వీడియోలో సెకనుకు 30 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు, ఉంటాయి. సెకనుకు 7 మీటర్ల వేగంతో పరిగెత్తే బ్యాటర్ ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య సుమారు 23 సెంటీమీటర్లు కదులుతాడు, అంటే తగవంతా ఆ ఖాళీలోనే మాయమైపోతుంది. స్లో మోషన్‌లో 240 ఫ్రేములు పెడితే ఆ దూరం 3 సెంటీమీటర్లకు తగ్గుతుంది. కొన్ని ఫోన్లు 960 అని చూపినా, తక్కువ ఫ్రేములు తీసి మధ్యవి తామే కల్పించి నింపుతాయి. అలా కల్పించిన ఫ్రేముతో మనిషిని అవుట్ చేయడం న్యాయం కాదు కనుక ఆ సెట్టింగు వాడవద్దు. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచండి, లేకుంటే కాల్ వచ్చినప్పుడు రికార్డింగు ఆగిపోవచ్చు. బౌలర్ పరుగు మొదలుపెట్టగానే రికార్డింగు మొదలుపెట్టి, బంతి డెడ్ అయ్యాక, అంటే ఆ బంతికి ఆట ముగిశాక, ఆపాలి.

రీప్లే చూసేవారు ముందుగా బెయిల్ స్టంప్ మీద నుంచి పూర్తిగా లేచిన మొదటి ఫ్రేమును పట్టుకోవాలి. బెయిల్ కదిలినంత మాత్రాన చాలదు. ఆ ఫ్రేములో గానీ, లోపలికి పరిగెత్తి వస్తూ దానికి ముందే గానీ, బ్యాటో శరీరమో గీతకు లోపలి వైపున నేలను తాకిందా అని చూడాలి. సరిగ్గా గీత మీదే ఉంటే అవుట్. ఆట మధ్యలో ముగ్గుపిండి గీత కాళ్ల కింద చెదిరి వెడల్పవుతుంది, కాబట్టి ఓవర్ల మధ్య దాన్ని సరిచేయించండి. ఫ్రేములో తేలకపోతే నాటౌట్ ఇవ్వాలి. ల్యాప్‌టాప్ ఉంటే వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్‌లో ‘ఈ’ అక్షరం మీట నొక్కి ఒక్కో ఫ్రేమునే ముందుకు జరపవచ్చు.

ఎల్బీడబ్ల్యూను (వికెట్లకు తగలాల్సిన బంతికి కాలు అడ్డుపడి అవుటవడాన్ని) మాత్రం దీనితో తేల్చే ప్రయత్నం చేయవద్దు. బంతి దారిని లెక్కగట్టడానికి టీవీ వారు మైదానం చుట్టూ అనేక కెమెరాలు పెడతారు. నేలకు దగ్గరగా పట్టిన క్యాచ్ కూడా ఒక్క కోణంలో మోసం చేస్తుంది. ఆ రెండూ మైదానంలోని అంపైరుకే వదలాలి.

టోర్నమెంటు నిబంధనల కాగితంలో రెండు సంగతులు విడివిడిగా రాయండి. వీడియో చూడడం ఒకటి, బంతినో మ్యాచ్‌నో మళ్లీ ఆడించడం మరొకటి. రెండింటినీ రీప్లే అనే అంటారు గనుక, ఒక కెప్టెన్ వీడియో అడిగితే మరొకరు బంతి మళ్లీ వేయాలని పట్టుబట్టే అవకాశం ఉంది. తరువాతి బంతి పడే లోపే వీడియో అడగాలనీ, దాన్ని మూడో అంపైరు ఒక్కరే చూడాలనీ, నిర్ణయం వచ్చాకే ఇద్దరు కెప్టెన్లకు చూపాలనీ అందులో చేర్చండి. జనం గుమిగూడి ఫోన్ లాక్కుంటే ఎంత మంచి వీడియో అయినా పనికిరాదు. అసలు ఫైలును మ్యాచ్ ముగిసే వరకు ఆ ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే నాణ్యత తగ్గి, బెయిల్ లేచిన క్షణం మసకబారుతుంది.